మోరి సర్కారుది, మూత మీది

నాకు "మోరి" అనే వినిపించింది. ఇవాళ్టికీ ఏ గుడి మెట్ల మీద నిలబెట్టి అడిగినా అదే చెబుతాను.

మే నెల మొదటి సోమవారం. రాయచూరు కూరగాయల మార్కెట్ దగ్గర, నెత్తిన రెండు మైకు హారన్లు మోస్తున్న నా ఆటోలో కూర్చుని, ఒక బట్టల దుకాణం ఆషాఢం రాకముందే పెట్టిన ఆషాఢం తగ్గింపు గురించి మూడు భాషల్లో అరుస్తున్నాను. ఫోన్ మోగింది. బండదిన్ని పంచాయతీ అధికారి అమరేశప్ప. ఆయనది గంగావతి వైపు. ఆయన కన్నడం ముక్కలు ముక్కలుగా రాదు, ఒక్క దారంగా వస్తుంది.

"ప్రకాశ్, ముందిన తింగళు మోరేర మనె సర్వే. నాళె ఊరల్లి డంగుర హాకిబిడు."

వచ్చే నెల సర్వే, రేపు ఊళ్ళో చాటింపు వెయ్యి అని. నడుమనున్న ముక్క ఒక ఉల్లిగడ్డల లారీ హారన్ కింద పడి నలిగింది. లేచి నా చెవి దాకా వచ్చేసరికి అది "మోరి, మనె" అయింది. మనె అంటే ఇల్లు. మోరి అంటే మురుగుకాలువ; ఆ మాట కన్నడంలోనూ అంతే, మా తెలుగులోనూ అంతే, రెండిట్లోనూ ఒకే కంపు. మోరీలూ ఇళ్ళూ కొలుస్తారు కాబోలు అనుకున్నాను.

తిరిగి అడగలేదు. నోటితో బతికేవాడికి చెవి ఎప్పుడూ వెనకబెంచీలోనే కూర్చుంటుంది.

నా పేరు సూర్యప్రకాశ్. నాలుగు తరాలుగా రాయచూరు తెలుగువాళ్ళం: ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం, బేరంలో ఉర్దూ. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదో కాదో తెలియదు గాని పెద్దది. చేతికి మైకు వస్తే నాకు మైకం వస్తుంది. ఇచ్చిన కాగితంలో నాలుగు మాటలుంటే నేను ఎనిమిది చదువుతాను. ఇంకొక జబ్బు కూడా ఉంది. నా చమత్కారానికి నేనే ముందు నవ్వుతాను. జనం నా మాటకు నవ్వుతారో, నా నవ్వుకు నవ్వుతారో ఇన్నేళ్ళలో తేల్చుకోలేదు.

బండదిన్ని నా భార్య సుమంగళ పుట్టిల్లు. కల్మల దాటాక మట్టి రోడ్డు మీద లోపలికి పోతే, గుట్ట కింద బండల మధ్య ఇరుక్కున్న ఊరు. అక్కడి తెలుగువాళ్ళు ఎండాకాలం బండలు చీల్చి, వానాకాలం కంది, జొన్న వేసి బతుకుతారు. బండలు తిని బతికే ఊరు కాబట్టి బండదిన్ని అని నేను పెళ్ళిలోనే అన్నాను. మగపెళ్ళివారంతా నవ్వారు. ఆడపెళ్ళివారిలో ఒక్కరు కూడా నవ్వలేదు.

ఆ ఊరి కింది గేరికి, అంటే దిగువ వీధికి, మోరి లేదు. ఎగువనున్న మీది గేరి మురుగంతా వానలో కలిసి కిందికి దిగి, చిట్టచివరి గడప దగ్గర ఆగుతుంది. ఆ చివరి గడప మా బామ్మర్ది తిప్పన్నది. పోయిన ఏడు మురుగు ఇంట్లోకి వచ్చి, మా అత్త భీమమ్మ మంచం కింద ఇటుకలు పెట్టించుకుని పదిహేను రోజులు మంచం దిగలేదు. అర్జీలు పెట్టీ పెట్టీ ఊరు అలిసిపోయి ఉంది. ఆ ఊరి మధ్య నేను ఆటో ఆపి మైకు అందుకున్నాను.

"బండదిన్ని మహాజనులకు మనవి. మీ మొర సర్కారుకు వినబడ్డది. మొర విన్న సర్కారు మోరి ఇస్తున్నది. వచ్చే నెల మోరీలు, ఇండ్లు సర్వే."

అక్కడ ఆగితే సరిపోయేది. గేరి గేరంతా గడపల్లోకి వచ్చి నా నోటి వంక చూస్తోంది. అంత మంది చూస్తుంటే నా నోరు మూతపడే రకం కాదు.

"మోరి సర్కారుది, మూత మీది. ఎవరి గడప ముందర వాళ్ళు బండ రెడీగ పెట్టుకోండ్రి."

నవ్వాను. అందరూ నవ్వారు. ప్రాస కుదిరినందుకు నాలుగుసార్లు తిప్పితిప్పి చెప్పాను.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పుండికూర పెడుతూ మా అత్త నా ఎదురుగా కూర్చుంది. ఆమెకు చెవులు సరిగా వినబడవు. మనిషి ముఖం చూసి మాట పోల్చుకుంటుంది. నా చమత్కారాలకు నవ్వని ఒకే ఒక్క మనిషి.

"అల్లుడా, మూత ముచ్చట కూడ కాయితంల రాసిన్రా?"

"రాయలేదత్తా, నేనే కలిపిన," అని నవ్వాను.

ఆమె నా పళ్ళ వంక చూసింది. ఇంకో రొట్టె వేసింది.

రెండు వారాలు తిరిగేసరికి ఊరి నుంచి కబుర్లు మొదలయ్యాయి. సుమంగళ ఫోన్‌లో విని నాకు చెప్పేది. కింది గేరిలో ఇంటింటి ముందు బండ వచ్చిందట. సర్వే వాళ్ళు వచ్చే నాటికి ఎవరి ముందు మంచి బండ ఉంటే వాళ్ళ గడప నుంచే మోరి మొదలవుతుందని ఎవరో అన్నారట. ఆ ఎవరో నేను కాదు. అయినా మాట నాదేనని ఊరంతా చెప్పుకుంటున్నారట.

ఇన్ని బండలు ఎక్కడివని నేను అడగలేదు. గుట్ట మీద రాకాసి గుళ్ళున్నాయి. నాలుగు పక్కలా నాలుగు నిలువు బండలు, పైన ఒక కప్పు బండ, లోపల చీకటి. ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. గొర్లకాపర్లు ఎండకు లోపల కూర్చుంటారు. ఒకదానికి ముందు బండలో, సున్న గీసినంత గుండ్రంగా, మనిషి దూరేటంత బొక్క ఉంటుంది. చీల్చే పని లేకుండా, చెక్కే పని లేకుండా, సరిగ్గా మూతలకే చేసినట్టున్న బండలు. మోసుకురావడమే తరువాయి.

ఒకనాడు తిప్పన్నే ఫోన్ చేశాడు.

"బావా, మూతకు బొక్కుంటే నడుస్తదా?"

"బొక్క లేకుంటే నీళ్ళు యాడికెల్లి దిగుతయి, బామ్మర్ది? మూతకు బొక్కే మూతి," అన్నాను. నవ్వాను.

"అయితే ఆ బొక్కబండ నాదే," అన్నాడు తిప్పన్న. వాడు నవ్వలేదు. వాడిది చివరి గడప.

జూన్ రెండో తారీఖు పొద్దున, సర్వే మేడం నా ఆటో వెతుక్కుంటూ వచ్చింది. పేరు మేఘా. ముదగల్ అమ్మాయి. ముప్పై ఏళ్ళుంటాయి, నెత్తిన టోపీ, భుజానికి కొలత టేపు. నా కోసం కన్నడంలో తెలుగు కలిపి మాట్లాడింది.

"అమరేశప్ప గారు మీ గురించి చెప్పారు. ఎల్లుండి నుంచి మా పని. రేపు ఊళ్ళో ఇది చదవాలి. ఒక్క మాట కూడా కలపొద్దట."

కాగితం తీసుకున్నాను. మోరేర మనెల మీద చెయ్యి వేయొద్దు, రాళ్ళు కదపొద్దు అని కన్నడంలో ఉంది. "మోరి" కాదు. మోరేర. అచ్చులో రకారాలు రెండు, నల్లగా, పక్కపక్కన.

"మేడం, మోరేర అంటే?"

"మీ తెలుగులో రాకాసి గుళ్ళంటారు కదా, అవే. మా వైపు మోరేరనే మరుగుజ్జులు కాపురమున్న ఇళ్ళంటారు. అసలివి సమాధులు. రెండున్నర వేల ఏళ్ళ కిందటివి. ఈ గుట్ట మీద కప్పు పడకుండా నిలిచింది ఒక్కటే ఉంది, ముందు బండకు బొక్క ఉన్నది. పక్క బండలు ఒరిగిపోయాయి. ఇప్పుడు కప్పంతా ఆ బొక్కబండ మీదే నిలబడి ఉంది. మేకలను కూడా లోపలికి పోనివ్వొద్దని చెప్పండి."

ఆ పొద్దున చాయ్ ఇస్తూ సుమంగళ అన్న మాట గుర్తొచ్చింది. తమ్ముడు ఈ దినం బొక్కబండ దింపుతడంట, ట్రాక్టరు అడుక్కున్నడంట.

ఇంటికి ఫోన్ చేశాను. "సుమా, తిప్పన్నను గుట్ట దిగమను. ఇప్పుడే."

"ఎందుకు? మల్ల ఏం జోకు?"

"జోకు కాదు."

ఆ రెండు మాటలు నేను ఏనాడూ అనలేదేమో, ఆమె వెంటనే ఫోన్ పెట్టేసింది. తిప్పన్న భార్యకు ఫోన్ కలిపి, మళ్ళీ నాకు చేసింది. తిప్పన్న ఫోను ఇంట్లోనే పెట్టి పోయాడు. అత్త సద్ది మూట పట్టుకుని గుట్టెక్కి గంటయింది.

మేఘా మేడం ఆ మాటలు విని తనే ఆటో ఎక్కింది. దారిలో నేను చేసిన చాటింపు గురించి, మూత గురించి, ఫోన్లో బొక్క గురించి అన్న మాట గురించి, అన్నీ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకుని, "ఇంకొంచెం వేగంగా పోతుందా?" అంది. కల్మల దాటాక మట్టి రోడ్డులో పైన హారన్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. ఆకాశంలో మబ్బు కట్టి ఉంది.

గుట్ట అడుగున ఆటో ఆగిపోయింది. పైన ట్రాక్టరు కనబడుతోంది. మైకు తీసుకున్నాను.

"తిప్పన్నా, బయటికి రా. అది మోరి కాదు, మోరేర. అది మోరి కాదు, మోరేర."

నా గొంతు బండలకు తగిలి తిరిగొచ్చింది. దాని వెనకే పైనుంచి నవ్వులు వచ్చాయి. "బావ మొదలుపెట్టిండు రోయ్," అని ఎవరో అనడం కూడా వినబడింది.

మైకు పడేసి ఎక్కాను. నా వయసుకీ నా పొట్టకీ ఆ గుట్ట ఎక్కువ. మేడం నా కంటే ముందే చేరింది.

కప్పు బండకు ఒక మూల ట్రాక్టరు జాకీ పెట్టి లేపారు. జాకీ పక్కన ఆనుగా ఒక తుమ్మ దుంగ. ముందు బండ మెడకు గొలుసు, గొలుసు రెండో కొస ట్రాక్టరుకు. ట్రాక్టరు మీద దాని యజమాని యలమందయ్య, నాకు వరసకు మామ; పక్కన ఇద్దరు. తిప్పన్న కనబడలేదు. బొక్కలోంచి గడ్డపార చప్పుడు వస్తోంది.

"తిప్పన్నా, లోపలికి ఎందుకు పోయినవ్ రా?"

"లోపల మన్ను మెత్తగుంది బావా," లోపలి నుంచి గొంతు బావిలో నుంచి వచ్చినట్టు వచ్చింది. "కాలికాడ ఇంకొంచెం తవ్వితే బండ లూజైతది. ఇంత పొద్దున్నే వచ్చినవేంది?"

"బయటికి రా. అది మోరి కాదు. నేను తప్పు విన్న. మోరేర మనె అన్నడు, నేను మోరి అనుకున్న. ఇది సమాధి."

"మోరి కాదు మోరేర," అన్నాడు తిప్పన్న లోపల. "ఇంకేమున్నయి బావా నీ సంచిల?"

ముగ్గురూ నవ్వారు. యలమందయ్య స్టీరింగు మీద వాలి మరీ నవ్వాడు. "అల్లుడా, గుట్టెక్కి వచ్చి చెప్పినవ్ సూడు, దానికి మెచ్చుకోవాలె."

"జోకు కాదు మామా. లోపల శవాల బొక్కలున్నయి."

"బొక్కల బొక్కలు," అన్నాడు పక్కవాడు. మళ్ళీ నవ్వు.

మా వైపు ఎముకనూ బొక్కే అంటాం. అప్పుడు తెలిసింది. నేను ఏ మాట ఎత్తినా అది ఇంకో మాటకు కవలపిల్లై పుడుతోంది. ఇరవై ఏళ్ళు అబద్ధాలకు ప్రాస కట్టాను. ఇవాళ నిజానికే ప్రాస ఉంది. రాయచూరు అంటే రాయి చూరు అని ఎన్ని పెళ్ళిళ్ళలో నవ్వించానో. ఆ రాయి చూరు కిందే ఇప్పుడు మా బామ్మర్ది కూర్చుని మన్ను తవ్వుతున్నాడు.

మేఘా మేడం బొక్క దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. "తిప్పన్న గారూ, కప్పు జారుతోంది. బయటికి రండి."

"సర్వే మేడమా? నమస్తే మేడం. ఈ బండ నాది అని రాసుకోండ్రి. కింది గేరి, ఆఖరి గడప."

గడ్డపార మళ్ళీ మొదలైంది. ప్రతి దెబ్బకూ దుంగ కింద నుంచి సన్నగా మన్ను రాలుతోంది. జాకీ నిటారుగా లేదు. నేను చూస్తుండగానే ఒక వేలెడు పక్కకు ఒరిగింది. నేను దాని మీద చెయ్యి వేయబోతే మేడం నా చెయ్యి లాగేసింది.

ఒక బండ నీడలో సద్ది మూట ఒళ్ళో పెట్టుకుని మా అత్త కూర్చుని ఉంది. ఈ గోలలో ఒక్క మాటా ఆమెకు వినబడి ఉండదు. లేచి నా దగ్గరికి వచ్చి, నా ముఖానికి తన ముఖం దగ్గరగా పెట్టింది.

"ప్రకాశయ్యా, ఇంకోపాలి చెప్పు."

"అత్తా, తిప్పన్న బయటికి రావాలె. కప్పు పడ్తది."

ఆమె నా పెదవుల వంక చూసింది. తరువాత కళ్ళ వంక. మళ్ళీ పెదవుల వంక. పోయి బొక్క ముందు వంగింది.

"తిప్పా, రా. అల్లుడు నవ్వుతలేడు."

గడ్డపార ఆగింది.

బొక్కలోంచి తిప్పన్న తల బయటికి వచ్చింది, జుట్టు నిండా మన్ను. నా ముఖం చూశాడు. వాడికి ఏం కనబడిందో నాకు తెలియదు. రెండు చేతులూ బయటికి చాపాడు. ఒక చెయ్యి నేను, ఒక చెయ్యి యలమందయ్య పట్టుకున్నాం. నడుము దగ్గర ఇరుక్కుంది. చొక్కా చిరిగింది. బయటపడి లేచి నిలబడ్డాడు.

"గడ్డపార లోపల్నే ఉంది," అని వెనక్కి తిరిగాడు.

మా అత్త వాడి మెడ మీది తువ్వాలు పట్టుకుంది. లాగలేదు, పట్టుకునే ఉంది. అంతలో ఒక ఎండు జొన్నదంటు విరిగినట్టు దుంగ చప్పుడైంది. కప్పు దిగింది. పెద్ద శబ్దమేమీ రాలేదు, ఇంట్లో ఎవరో తలుపు దగ్గరికి వేసినట్టు. బొక్కబండ మూడు ముక్కలై ముందుకు పడింది. దుమ్ము లేచి, మా అందరి మీదా కూర్చుంది.

ముఖం మీది దుమ్ము తుడుచుకుని తిప్పన్న, "నీళ్ళున్నయానే," అని తల్లిని అడిగాడు.

మేఘా మేడం ఆ దుమ్ములోనే కూర్చుని పగుళ్ళలో చూస్తోంది. లోపల నల్లటి కుండ పెంకు, దాని కింద తెల్లటి ముక్క ఒకటి. నన్ను పిలిచింది.

"దీన్ని మీ తెలుగులో ఏమంటారు?"

"బొక్క."

విరిగిన బండలో సగం మిగిలిన గుండ్రటి అంచు చూపించింది. "మరి దీన్ని?"

"అదీ బొక్కే."

ఆమె రెండూ రాసుకుంది. నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

తమ్ముడి ఒంటి మీద గీతలు తప్ప ఏమీ లేవని విన్నాక సుమంగళ వంటింట్లోకి పోయింది. నాకు అన్నం పెట్టింది. కంచం తీస్తూ అంది: "ఊరందరికీ మూత చెప్పినవ్. నీ మూతికి ఏది మూత?"

అంత మంచి చమత్కారం మా ఇంట్లో నేను చెయ్యలేదు. మెచ్చుకునే ధైర్యం రాలేదు. ఆనాటి నుంచి నాకు ఫోనొస్తే ఆమె పక్కన నిలబడుతుంది. విన్న మాట అవతలివాళ్ళకు తిరిగి అప్పజెప్పాకే నేను ఫోన్ పెట్టేయాలి.

మర్నాడు పొద్దున పంచాయతీ ముందు ఊరంతా చేరింది. ఎవరి గడప ముందు బండను వాళ్ళు కప్పి వచ్చారు, కొన్నిటి మీద గోనెసంచులు, ఒకదాని మీద కంబళి. అమరేశప్ప కేసు పెట్టాలంటున్నాడు, తీసినవాళ్ళ పేర్లు కావాలంటున్నాడు. మేఘా మేడానికి పేర్లు అక్కర్లేదు. ఏ బండ ఎక్కడి నుంచి తీశారో చూపిస్తే చాలు, అది తెలియకపోతే అవి ఉత్త బండలే అంటోంది. రెండిట్లో ఏది చెప్పినా జైలేనని ఊరు నోరు మూసుకుంది. నిన్న నవ్విన యలమందయ్య కూడా నేల చూస్తున్నాడు.

అమరేశప్ప నా వంక చూశాడు. "నీనే హేళప్ప," అన్నాడు. నువ్వే చెప్పు.

మైకు తీసుకున్నాను. మైకం లేదు.

"నా పేరు సూర్యప్రకాశ్. పోయిన నెల సార్ నాకు ఫోన్ల మోరేర మనె సర్వే అని చెప్పిండు. మోరేర మనె అంటే గుట్ట మీది రాకాసి గుళ్ళు. పాత సమాధులు. నేను మోరి అని విన్న. తిరిగి అడగలే. సర్కారు మోరి కొలుస్తమని ఎప్పుడూ అనలే. మూత మాట సార్ చెప్పలే, నేను కలిపిన. మీరు బండలు తెచ్చింది నా మాట విని. కేసు రాస్తే నా పేరు రాయాలె. బండలు ఏడికెల్లి తెచ్చిన్రో మేడంకు చూపించుండ్రి. అంతే."

ఎవరూ నవ్వలేదు. నా జీవితంలో అంత చిన్న చాటింపు వేయలేదు. మైకు కింద పెట్టడానికి చేతికి చోటు దొరకక అలాగే పట్టుకుని నిలబడ్డాను.

అమరేశప్ప కలం మూత పెట్టాడు. ముందుగా తిప్పన్న లేచాడు. "నాది బొక్కబండ. ఏడుందో మేడం చూసింది," అన్నాడు. తరువాత యలమందయ్య లేచాడు. తరువాత ఒక ఆడమనిషి పోయి తన గడప ముందు బండ మీది కంబళి తీసేసింది. మేఘా మేడం సుద్దముక్క తీసుకుని మొదటి బండ మీద ఒకటి అని వేసింది.

మా అత్త మనుషుల్ని తోసుకుంటూ నా ముందుకు వచ్చింది. ఇంతసేపూ నా ముఖమే చూస్తూ ఉందట. మాట పూర్తిగా పోల్చుకోలేకపోయిందేమో, అడుగు దూరంలో ఆగి, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా అడిగింది.

"అంత మంచిగనే ఉంది అల్లుడా. అయితే మోరి ఎప్పుడొస్తది?"

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆమె మాట రెండు హారన్లలోంచీ బయటికొచ్చి, కింది గేరి మీదుగా గుట్ట దాకా పోయి, బండలకు తగిలి మళ్ళీ మా దగ్గరికే తిరిగొచ్చింది. నేను అమరేశప్ప వంక చూశాను. ఆయన గుట్ట వంక చూస్తున్నాడు.